గేటు బయట మిగిలిపోయే పక్షవాతం

హైదరాబాద్‌లో ఒక కాలనీ ఉందనుకుందాం. ఒకే వారంలో అక్కడ నలుగురికి పక్షవాతం, డాక్టర్ల మాటలో స్ట్రోక్, వచ్చింది.

మొదటాయన రిటైరైన బ్యాంకు ఉద్యోగి. పొద్దున పేపరు చదువుతుంటే కుడిచేతిలోంచి అది జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. కొడుకు కారులో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. స్కాన్ తీశారు, అడ్మిట్ చేశారు. రెండో ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. తల పగిలిపోతోందని రాత్రి పెందలాడే పడుకుంది, తెల్లారి లేవలేదు. "మంచాన పడకుండా పోయింది, పుణ్యాత్మురాలు" అనుకున్నారు వాడకట్టంతా. మూడో మనిషి ఆటో నడుపుతాడు, నలభై ఎనిమిదేళ్లు. ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. బంధువులెవరో చెబితే ఇంట్లోవాళ్లు నేరుగా చిత్తూరు జిల్లా విరూపాక్షపురం తీసుకెళ్లారు, నాటు మందుకి. నాలుగో ఆవిడకు మాట తడబడింది, చేతిలో గ్లాసు నిలవలేదు. రెండు రోజులకు దానంతటదే సర్దుకుంది. బీపీ మాత్ర మానొద్దని పక్కవీధి ఆర్‌ఎంపీ చెప్పాడు, అంతటితో సరి.

ఆ కాలనీ నుంచి ఆసుపత్రి రికార్డులోకి ఎక్కిన కేసు ఒకటి. జరిగినవి నాలుగు. మిగతా ముగ్గురినీ లెక్కలోకి తెచ్చే పని పేరే జనాభా ఆధారిత స్ట్రోక్ రిజిస్ట్రీ. పేరు వింటే డాక్టర్ల వ్యవహారంలా ఉంటుంది గానీ, దగ్గరికెళ్లి చూస్తే ఇందులో వైద్యం పాలు తక్కువ. సగం జనగణన, సగం పోలీసు దర్యాప్తు. నగరంలో స్ట్రోక్ పెరిగిందా తగ్గిందా అని ఎవరు ఏ అంకె చెప్పినా, ఆ అంకె వెనక వల ఎంత వెడల్పుదో, దాని కన్నులు ఎంత సన్నవో చూడకుండా నమ్మకూడదన్నది నా అభిప్రాయం. ఈ వ్యాసం ఆ వల గురించి.

ఆసుపత్రి పుస్తకం ఏం చెప్పగలదు

ముందు ఆసుపత్రి రిజిస్ట్రీని తక్కువ చేయకుండా మాట్లాడుకోవాలి. 1990ల చివర్లో హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజిస్ట్ సుభాష్ కౌల్ బృందం అలాంటిదే నడిపింది. మెదడుకు రక్తం అందక వచ్చిన స్ట్రోక్‌తో ఒక ఏడాదిలో చేరిన 392 మందిని కారణాల వారీగా విడదీస్తే, పెద్ద రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చినవి 41 శాతం దాకా తేలాయి. ఎవరికి ఏ పరీక్ష చేయాలి, ఏ మందు పనికొస్తుంది అని ఆలోచించే డాక్టరుకు ఇది బంగారం లాంటి సమాచారం.

కానీ ఆ 392ని దేనితో భాగించాలి? హైదరాబాద్ జనాభాతోనా? నిమ్స్‌కు మహబూబ్‌నగర్ నుంచి వస్తారు, అనంతపురం నుంచి వస్తారు, సరిహద్దు దాటి రాయచూరు నుంచీ వస్తారు. అదే సమయంలో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లలో చాలామంది గాంధీకో, ఉస్మానియాకో, ప్రైవేటుకో పోతారు. పైన లవం ఉంది, కింద హారం లేదు. హారం లేనిదే "లక్ష మందిలో ఏడాదికి ఇంతమందికి" అన్న మాట పుట్టదు. ఆ మాట లేకపోతే వరంగల్‌ను విశాఖతో పోల్చలేం, నిన్నటి విజయవాడను నేటి విజయవాడతోనూ పోల్చలేం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర జరిగే వడపోత న్యాయంగా ఉండదు. మరీ తీవ్రమైనవాళ్లు దారిలోనే పోతారు, మరీ తేలికైనవాళ్లు రానే రారు, డబ్బు లేనివాళ్లు ఆలస్యంగా వస్తారు. లోపల పడకల మీద కనిపించే స్ట్రోక్, ఊళ్లో ఉన్న స్ట్రోక్‌కు నమూనా కాదు. 1981 నుంచి 1986 దాకా ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో జరిగిన అధ్యయనం ఆసుపత్రుల్ని కాకుండా ఫ్యామిలీ డాక్టర్లను ఆధారం చేసుకున్నది ఇందుకే. అక్కడ ఆ రోజుల్లో స్ట్రోక్ వచ్చినా ఆసుపత్రిలో చేరకుండా ఇంటి దగ్గరే ఉండిపోయేవాళ్లు బోలెడంతమంది. ఆ బృందంలోని వాళ్లే 1987లో, మంచి స్ట్రోక్ లెక్క అంటే ఎలా ఉండాలో కొలబద్దలు రాసి పెట్టారు. ఇప్పటికీ ఏ నగరం లెక్కనైనా వాటి పక్కన నిలబెట్టే చూస్తారు.

ఏది స్ట్రోక్, ఏది కాదు

లెక్కపెట్టాలంటే ముందు దేన్ని లెక్కపెడుతున్నామో తేలాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత నిర్వచనం ఇప్పటికీ రిజిస్ట్రీలకు ఆధారం: మెదడు పనితీరు ఉన్నట్టుండి దెబ్బతినాలి, ఆ లక్షణాలు 24 గంటలకు మించి ఉండాలి లేదా ఆలోపు మనిషి చనిపోవాలి, రక్తనాళాల సమస్య తప్ప వేరే కారణం కనిపించకూడదు. ఇరవై నాలుగు గంటల్లోపే పూర్తిగా సర్దుకుంటే దాన్ని చిన్న హెచ్చరికగా విడిగా రాస్తారు గానీ స్ట్రోక్‌గా లెక్కించరు. మన కాలనీలో నాలుగో ఆవిడకు రెండు రోజులు ఉంది కాబట్టి ఆమెది స్ట్రోకే. మాట తడబాటు మధ్యాహ్నానికే తగ్గిపోయి ఉంటే కాదు.

మన భాషతో ఇక్కడో ఇబ్బంది. "పెరాలసిస్ వచ్చింది", "ఒక పక్క పడిపోయింది", "మూతి వంకరపోయింది", "మాట పడిపోయింది" ఇలా ఎన్నో రకాలుగా అంటాం. మూతి మాత్రమే వంకరపోయి చెయ్యీ కాలూ మాటా బాగానే ఉంటే అది చాలాసార్లు ముఖంలోని నరం వాపు, మెదడుకు సంబంధం లేదు. ఇక "స్ట్రోక్ వచ్చి పోయాడు" అంటే సగంమంది నోట అది గుండెపోటు. షుగర్ బాగా పడిపోయినా, ఫిట్స్ వచ్చాకా కూడా కాసేపు ఒక పక్క పనిచేయకపోవచ్చు. ఇంటింటికీ తిరిగి "మీ ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చిందా" అని అడిగితే వచ్చే అవునులు, కాదులు రెండూ తప్పు కావచ్చు. అందుకే ప్రతి అనుమానపు కేసునూ శిక్షణ ఉన్న డాక్టరు మళ్లీ చూసి తేల్చాలి.

స్కాన్ తీస్తే తేలిపోతుంది కదా అనొచ్చు. సీటీ స్కాన్ ముఖ్యంగా చెప్పేది రక్తం గడ్డకట్టి అడ్డుపడిందా, నాళం చిట్లి రక్తం కారిందా అన్నది. వైద్యానికి అది ప్రాణం. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, రక్తస్రావమైతే ఇవ్వనే కూడదు. కానీ లెక్కలకు స్కాన్ ఒక కొత్త ఉచ్చు తెచ్చింది. ఎంఆర్‌ఐలు పెరిగేకొద్దీ ఇదివరకు ఎవరి కంటా పడని బుల్లి స్ట్రోక్‌లు బయటపడతాయి. నిర్వచనాన్ని యంత్రం చేతికి వదిలేస్తే, జనంలో జబ్బు ఏమీ పెరగకపోయినా రిజిస్టరులో పెరుగుతుంది. పాత ఇరవై నాలుగు గంటల నిబంధనను రిజిస్ట్రీలు పట్టుకుని వేళ్లాడేది చాదస్తంతో కాదు. నలభై ఏళ్ల కిందటి లెక్కతో నేటి లెక్కను పోల్చాలంటే గజం బద్ద మారకూడదు.

రెండో నిబంధన: జీవితంలో మొదటిసారి వచ్చినవే లెక్క. ఒకసారి వచ్చినవాడికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. రెండూ కలిపేస్తే కొత్తగా ఎంతమంది జబ్బులోకి జారుతున్నారో తెలియదు.

దక్షిణ లండన్‌లో వల వేసిన తీరు

ఈ పనిని దశాబ్దాల తరబడి ఆపకుండా చేసిన చోటు దక్షిణ లండన్. 1995 జనవరిలో కింగ్స్ కాలేజ్ లండన్ వాళ్లు, చార్ల్స్ వుల్ఫ్ నాయకత్వంలో, లాంబెత్, సదర్క్ అనే రెండు బరోల్లోని (నగర పాలనా విభాగాల్లోని) 22 వార్డుల చుట్టూ గీత గీసుకున్నారు. ఆ గీత లోపల నివాసం ఉండే ఏ వయసువాళ్లకైనా మొదటి స్ట్రోక్ వస్తే అది రిజిస్టరులోకి ఎక్కాలి. 1991 జనగణన ప్రకారం అక్కడి జనాభా 2,34,533. 2011 నాటికి అది 3,57,308 అయింది. కరీబియన్ నుంచి, ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతం అది.

ఒక్క వల సరిపోదని వాళ్లకు మొదటినుంచీ తెలుసు. ఎమర్జెన్సీ రిజిస్టర్లు చూస్తారు, వార్డులు తిరుగుతారు, మెదడు స్కాన్ కోసం వచ్చిన చీటీలు తిరగేస్తారు. ఫ్యామిలీ డాక్టర్లు కబురు పెడతారు. ఇళ్లకు వెళ్లే ఫిజియోథెరపిస్టుల్ని అడుగుతారు. మరణ ధ్రువపత్రాలు, అనుమానాస్పద మరణాల విచారణ రికార్డులు కూడా వెతుకుతారు. ఒకే మనిషి మూడు చోట్ల దొరికితే అది చాకిరీ దండగ అనుకోరు, పైగా సంతోషిస్తారు. ఎందుకో చెప్పడానికి చెరువు దగ్గరికి వెళ్లాలి.

చెరువులో చేపలెన్నో తెలియాలి, నీళ్లు తోడకుండా. ఒక రోజు వల వేసి 300 చేపలు పట్టి, తోకకు రంగు పూసి వదిలేశారు. ఇంకో రోజు వేరే వల వేస్తే 100 పడ్డాయి, అందులో 80కి రంగు ఉంది. అంటే రెండో వలలో పడ్డవాటిలో 80 శాతం మొదటి వలకు దొరికినవే. కాబట్టి మొదటి వల చెరువులో 80 శాతాన్ని పట్టిందనుకోవచ్చు. 300 అనేది 80 శాతమైతే మొత్తం 375. రెండు వలలూ కలిపి మన చేతికి వచ్చినవి 320. ఇంకా నీళ్లలో దాగి ఉన్నవి 55.

స్ట్రోక్ విషయంలో ఆసుపత్రి జాబితా మొదటి వల, ఫ్యామిలీ డాక్టర్ల జాబితా రెండోది. రెండిట్లో ఉన్న పేర్లు ఎన్నో చూస్తే, దేంట్లోనూ లేనివి ఎన్నో అంచనాకు వస్తాయి. కంటికి కనిపించని దాన్ని కనిపించినవాటి పునరావృతంతో కొలవడం నాకు ఎప్పుడు చదివినా ముచ్చటగానే ఉంటుంది. దక్షిణ లండన్ వాళ్లు ఇంతకన్నా చాలా జటిలమైన నమూనాతో లెక్కగట్టి, తమ రిజిస్టరు దాదాపు 88 శాతం కేసుల్ని పట్టుకుంటోందని చెప్పుకున్నారు. మిగతా 12 శాతం జారిపోతున్నాయని ఒప్పుకున్నారన్నమాట. నూటికి నూరు అని చెప్పే రిజిస్టరు కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

చెరువు లెక్కలో ఒక బొక్క ఉంది. రెండు వలలూ ఒకదానికొకటి సంబంధం లేనివై ఉండాలి. ఆసుపత్రికి పోనివాడు డాక్టరు దగ్గరకూ పోడు అంటే మొత్తం లెక్కే తప్పిపోతుంది. మన కాలనీ ఆటో డ్రైవర్ అలాంటివాడే. ఆయన ఈ వలకూ దొరకడు, ఆ వలకూ దొరకడు, కాబట్టి అంచనాలో కూడా ఉండడు. అలాంటి చేప కోసం వేరే చోట, వేరే రకం వల వెయ్యాలి. మన దగ్గర అది ఫిజియోథెరపీ సెంటరు కావచ్చు, పెన్షన్ల జాబితా కావచ్చు, నాటు మందు ఇచ్చే చోటు ముందు క్యూ కావచ్చు.

అడ్రసు అనే తలనొప్పి

గీత గీయడం సులువు, గీత లోపల ఎవరున్నారో తేల్చడం కష్టం. రూలు ప్రకారం, ఆ నగరంలో నివాసముండే మనిషికి తిరుమల కొండ మీద స్ట్రోక్ వచ్చినా అది నగరం లెక్కే. చుట్టం చూపుగా వచ్చినవాడికి నగరం నడిబొడ్డున వచ్చినా నగరం లెక్క కాదు. ఇప్పుడు సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్‌ను ఊహించుకోండి. లేదా కొడుకు దగ్గర ఆర్నెల్లు, కూతురు దగ్గర ఆర్నెల్లు ఉండే తల్లిదండ్రుల్ని తీసుకోండి. ఆధార్‌లో ఊరి అడ్రసు, ఆరోగ్యశ్రీ కోసం ఇంకో అడ్రసు, వైద్యం మూడో చోట. రిజిస్ట్రీవాళ్లు సాధారణంగా ఇన్ని నెలలుగా ఇక్కడే ఉంటేనే నివాసి అని ఒక హద్దు పెట్టుకుంటారు. ఎక్కడ పెట్టినా కొందరు జారతారు.

హారానికి జనగణన కావాలి. మన దేశంలో ఆఖరి జనగణన 2011లో జరిగింది. 2021లో జరగాల్సింది జరగలేదు, తర్వాతిది 2027కి పెట్టుకున్నారు. మధ్యలో కూకట్‌పల్లి, గచ్చిబౌలి ఎంత ఉబ్బాయో అక్కడ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఎవరిని అడిగినా చెబుతారు. పాత హారంతో కొత్త కేసుల్ని భాగిస్తే రేటు ఉత్తపుణ్యానికి పెరిగి కూర్చుంటుంది.

హారంలో ఎంతమంది ఉన్నారన్నదే కాదు, ఎలాంటివాళ్లు ఉన్నారన్నదీ ముఖ్యమే. స్ట్రోక్ వయసుతో పాటు పెరిగే జబ్బు. హాస్టళ్లు నిండిన మాదాపూర్‌లో లక్షకు వచ్చే కేసుల్నీ, పిల్లలంతా అమెరికాలో ఉండి పెద్దవాళ్లే మిగిలిన కోస్తా ఊళ్లో లక్షకు వచ్చే కేసుల్నీ పక్కపక్కన పెడితే, మాదాపూర్ గాలి ఆరోగ్యకరమని తేలుతుంది! అందుకే వయసుల వారీగా రేట్లు విడదీసి, రెండు చోట్లా ఒకే రకం జనాభా ఉంటే ఎంత వచ్చేదో కట్టి చూపిస్తారు. పత్రికల్లో "వయసు సవరించిన రేటు" అని కనిపించేది ఇదే.

తిరువనంతపురం చెప్పిన సంగతి

ఈ లెక్కలన్నీ ఒక్క చోట కనబడే ఉదాహరణ పొరుగునే ఉంది. 2005లో శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ వైద్యులు తిరువనంతపురంలో ఆరు నెలల పాటు రిజిస్ట్రీ నడిపారు. నగరంలో 7,41,000 మంది, చుట్టుపక్కల పల్లెల్లో 1,85,000 మంది గీత లోపలికి వచ్చారు. మొత్తం 541 మొదటి స్ట్రోక్‌లు దొరికాయి, నగరంలో 431, పల్లెల్లో 110.

కాగితం తీసుకుని మీరే కట్టండి. ఆరు నెలలకు 431 అంటే ఏడాదికి 862. దాన్ని 7,41,000తో భాగిస్తే లక్షకు సుమారు 116. పల్లెల్లో 110ని రెట్టించి భాగిస్తే 119. వయసు సవరించాక అవి నగరంలో 135, పల్లెల్లో 138 అయ్యాయి. అంటే స్ట్రోక్ పట్నవాసపు జబ్బు, పల్లెలో కష్టం చేసుకునేవాళ్లకు రాదు అని మనం చెప్పుకునే మాటకు అక్కడ ఆధారం దొరకలేదు. దాదాపు సమానం.

తేడా కనిపించింది ఇంకో చోట. స్ట్రోక్ వచ్చిన 28 రోజుల్లోపు చనిపోయినవాళ్లు నగరంలో 24.5 శాతం, పల్లెల్లో 37.1 శాతం. రావడం ఒకే రేటున వస్తోంది, పోవడం మాత్రం పల్లెలో ఎక్కువ. ఆసుపత్రి రికార్డును మాత్రమే చూసినవాడికి ఈ సంగతి తలకిందులుగా కనిపించేది: పల్లె నుంచి కేసులు తక్కువ వస్తున్నాయి కాబట్టి అక్కడ జబ్బు తక్కువ అనుకునేవాడు. ఒక జిల్లాలో స్కాన్ మిషను ఎక్కడ పెట్టాలి, అంబులెన్సులు ఎన్ని ఉండాలి అని నిర్ణయించేవాళ్లు ఆ తప్పు లెక్క మీద ఆధారపడితే, అవసరం ఉన్నచోటు వదిలేసి లేనిచోట పెడతారు.

కోల్‌కతా దారి వేరు. అక్కడ 52,377 మంది ఉన్న ఇళ్లకు నేరుగా వెళ్లి తలుపు తట్టారు. వయసు సవరించిన రేటు లక్షకు 145 వచ్చింది, నెలలోపు మరణాలు 41 శాతం. తిరువనంతపురం నగరంతో పోలిస్తే మరణాలు చాలా ఎక్కువ. కోల్‌కతాలో వైద్యం అంత అధ్వాన్నమా? తొందరపడొద్దు. తలుపు తట్టే పద్ధతిలో ఇంట్లోనే జరిగిన మరణాలు బాగా బయటపడతాయి. తేలికగా వచ్చి పోయిన స్ట్రోక్‌ల్ని మాత్రం ఇంట్లోవాళ్లు మరిచిపోతారు. తేలికైనవి తగ్గితే మరణాల శాతం దానంతటదే పెరుగుతుంది. ఈ తేడాలో వైద్యం వాటా ఎంత, వల వాటా ఎంత అన్నది రెండు నగరాల్లోనూ ఒకే వల వేస్తే తప్ప తెగదు.

చచ్చిపోయినవాళ్ల విషయం అసలు కష్టం. మన దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసి ధ్రువీకరించినవి 2020 నాటికి సుమారు 22 శాతమే. మిగతావాటికి తేదీ ఉంటుంది, కారణం ఉండదు. లండన్‌లో మరణ పత్రం ఒక వల. మన దగ్గర ఆ వలకు కన్నులకంటే చిరుగులే ఎక్కువ. అందుకని మనిషి పోయాక ఇంటికి వెళ్లి అడిగే పద్ధతి ఒకటి ఉంది. ముందురోజు మాట ఎలా వచ్చింది, నడకలో తేడా ఉందా, ఉన్నట్టుండి తలనొప్పి అన్నారా, వాంతి అయిందా, స్పృహ ఎప్పుడు తప్పింది? జవాబుల్ని డాక్టర్లు చదివి కారణం ఊహిస్తారు. రాత్రి నిద్రలో పోయిన మన రెండో ఆవిడ రిజిస్టరులోకి రాగలిగే దారి ఇదొక్కటే. అదీ ఆ తలనొప్పి మాట కోడలికి గుర్తుంటే.

ఏళ్ల తరబడి నడిపితే

ఆరు నెలల లెక్క ఫొటో లాంటిది. దక్షిణ లండన్ దగ్గర ఉన్నది దశాబ్దాల వరస. 1995 నుంచి 2010 దాకా చూస్తే అక్కడ స్ట్రోక్ రేటు లక్షకు 247 నుంచి 149.5కి పడిపోయింది, దాదాపు 40 శాతం తగ్గుదల. బీపీని, కొలెస్టరాల్‌ను ముందే పట్టుకుని మందులు వాడించడం ఫలించిందని సంబరపడొచ్చు.

అయితే రిజిస్టరులో ప్రతి మనిషి వయసు, జాతి నేపథ్యం కూడా రాసి ఉంచారు కాబట్టి ఆ తగ్గుదలను విప్పి చూడగలిగారు. తెల్లవాళ్లలో తగ్గింది. నల్లజాతివాళ్లలో 310 నుంచి 267.5కి దిగినట్టు కనిపించినా, కేసుల సంఖ్య తక్కువ కావడంతో అది నిజమైన తగ్గుదలో, ఏటా ఉండే ఎగుడుదిగుడో గట్టిగా చెప్పలేకపోయారు. అంతకుముందే, రిజిస్ట్రీ తొలి ఏళ్లలోనే, నల్లజాతివాళ్లలో స్ట్రోక్ రేటు తెల్లవాళ్ల కంటే రెట్టింపు దాటి ఉందని తేలింది. 15 నుంచి 44 ఏళ్ల వయసువాళ్లలో కూడా స్పష్టమైన తగ్గుదల లేదు. సగటు ఒక్కటే చూసి ఉంటే ఈ రెండు గుంపులూ ఆ సంతోషం కింద కప్పబడిపోయేవి.

ప్రపంచమంతటా ఇలాంటి 56 అధ్యయనాల్ని పక్కపక్కన పెట్టి 2009లో ఒక సమీక్ష వచ్చింది. నాలుగు దశాబ్దాల్లో సంపన్న దేశాల్లో స్ట్రోక్ రేటు 42 శాతం తగ్గితే, తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో రెట్టింపుకు మించి పెరిగింది. మన వైపు పెరుగుదలలో కొంత మెరుగైన లెక్కింపు వల్ల కావచ్చు, కానీ మొత్తం అదేనని ఎవరూ అనరు. ఉప్పు, బీపీ, పొగాకు, షుగర్ ఉన్నవే కదా.

మన దేశంలో ఇప్పుడు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జనాభా ఆధారిత స్ట్రోక్ రిజిస్ట్రీలు ఐదు చోట్ల మొదలయ్యాయి: ఒడిశాలో కటక్, అస్సాంలో కచార్, తమిళనాడులో తిరునెల్వేలి, రాజస్థాన్‌లో కోటా, ఉత్తరప్రదేశ్‌లో వారణాసి. ఆ ఐదింటిలో తెలుగు నేల లేదు. హైదరాబాద్ లాంటి నగరంలో ఈ పని మొదలుపెడితే ఎక్కడ ఇరుక్కుంటుందో ఊహించడం కష్టం కాదు. ప్రైవేటు ఆసుపత్రులు రికార్డులు చూపించాలి, లాభం లేని పనికి మనిషిని కేటాయించాలి. స్కాన్ సెంటర్లు గల్లీకొకటి ఉన్నాయి. నగరం మొత్తాన్ని పట్టుకుంటే చేతులెత్తేయాల్సిందే. నన్నడిగితే రెండు మూడు లక్షల జనాభా ఉన్న నాలుగైదు వార్డులు చాలు, దక్షిణ లండన్ చేసింది అంతే. కాకపోతే పదేళ్లు ఆపకూడదు. గ్రాంటు అయిపోగానే మూతపడే రిజిస్ట్రీ ఫొటోగానే మిగిలిపోతుంది.

పదేళ్లు ఎందుకంటే, లెక్క స్ట్రోక్ వచ్చిన రోజుతో అయిపోదు. దక్షిణ లండన్ వాళ్లు మూడు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ప్రతి ఏడూ ప్రతి మనిషినీ పలకరిస్తారు. అలా పదిహేనేళ్లు వెంట నడిచాక తేలినవాటిలో నన్ను బాగా కదిలించింది డిప్రెషన్ సంగతి. ఏ దశలో అడిగినా 29 నుంచి 39 శాతం మంది దానితో బాధపడుతున్నారు. ఏదో ఒక దశలో దాని బారిన పడ్డవాళ్లు సగానికి పైనే, 55 శాతం. చెయ్యి తిరిగి లేచిందా లేదా అని మాత్రమే చూసే మన ఇళ్లలో, "ఈమధ్య ఎవరితోనూ మాట్లాడట్లేదు, చిరాకు ఎక్కువైంది" అన్నది జబ్బు లక్షణంగా ఎవరి లెక్కలోకీ రాదు.

పలకరించినప్పుడు అడిగేవాటిలో బార్తెల్ సూచిక అనే ప్రశ్నల పట్టీ ఒకటి ఉంటుంది. 1965లో అమెరికాలోని మేరీలాండ్‌లో తయారైంది. స్నానం, బట్టలు, మెట్లు, బాత్‌రూమ్, తిండి ఇలా పది పనుల్లో మనిషి ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో మార్కులు వేస్తారు. తిండి దగ్గర మూడు మెట్లున్నాయి. సొంతంగా తింటే పది. ముక్కలు కోయడానికో, వెన్న రాయడానికో సాయం కావాల్సి వస్తే ఐదు. అసలు తినలేకపోతే సున్నా. వెన్న రాసుకునే తిండి మనది కాదు. మన ఆటో డ్రైవర్ ఇంటికి ఆ ఫారం పట్టుకుని వెళితే ఆయన భార్య ఏమంటుందో నేను వినగలను. "తినడం ఆయనే తింటాడండీ, ఎడమ చెయ్యే కదా పడిపోయింది. కాకపోతే కంచం జరిగిపోతుంటుంది, నేను పట్టుకోవాలి." పది వేస్తారా, ఐదు వేస్తారా?